బండికి దమ్ము

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని మా నంగలి చిన్న ఊరు. పేరు మాత్రము పాతది. 12వ శతాబ్దిలో హొయ్సళ విష్ణువర్ధనుని రాజ్యమునకు తూర్పు హద్దుగా శాసనములు చెప్పినది ఈ నంగలి కనుమనే. నేడును మా ఊరు దాటిన కొంతసేపటికే కన్నడనాడు ముగిసి చిత్తూరు జిల్లా మొదలగును. పలమనేరు మీదుగా సాగి, మొగిలి కనుమ దిగి, బంగారుపాళెము చేరు రహదారియే మా కుటుంబమునకు జీవనాధారము. టమాటా క్రేట్లతో కనుమ దిగుట, వేసవిలో మామిడికాయలతో మరల ఎక్కుట, ఇదియే మా పికప్పు బండి చాల ఏండ్లుగా చేయుచున్న పని.

ఒక వేసవి సాయంకాలమున ఆ బండి మొగిలి కనుమలో మమ్ము నడిదారిని నిలిపినది. మూడవ గేరులో ఎక్కవలసినచోట మొదటి గేరునకు దిగినను కదలదు. వెనుక నల్లపొగ, దాని వెనుక లారీల హారన్లు. తుదకు సగము కాయలను వేరొక బండికి మార్చి ఊరు చేరితిమి. మఱునాడు మండీకి చేరునప్పటికి వేలము ముగిసెను. ఆ దినపు నష్టము కన్న, బండిని నడిపిన మా తమ్ముని కుమారుని ముఖము మాకు ఎక్కువ బాధ కలిగించెను.

“పెద్దనాయనా, ఈ బండికి దమ్ము అయిపోయింది. కంప్యూటరు పెట్టి పవరు పెంచుకొందాం. లేదంటే అప్పు చేసి కొత్తది తీసుకొందాం” అని అతడనెను.

పట్టణములోని ఒక మెకానిక్కు అతనికి అప్పటికే ఆశ చూపియుండెను. ఆశ పూర్తిగా అబద్ధము కాదు. మా బండిది కామన్ రైలు పద్ధతి. డీజిలును వాయుమండల పీడనమునకు వేయిరెట్లకు మించిన ఒత్తిడితో ఒకే గొట్టములో నిలిపియుంచగా, ఎప్పుడు ఎంత చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు ఇంజెక్టర్లకు ఆజ్ఞ ఇచ్చును. ఆ లెక్కలను మార్చి డీజిలును, టర్బో ఒత్తిడిని పెంచినచో అశ్వశక్తి పెరుగును. కాని వేడియు పెరుగును. పాతబడిన పిస్టన్లు, టర్బో, క్లచ్చి ఆ భారమును ఎన్నాళ్లు మోయగలవు? ఇంజను బలము పెరిగినంతమాత్రమున కనుమ దిగునప్పుడు బ్రేకుల బలము పెరుగదు గదా! నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కూడ చెప్పుచున్నది.

ఆ రాత్రి మేము కాగితము తీసికొని లెక్క వేసితిమి. బండియు సరకును కలిసి మూడు టన్నులనుకొందము. 20 అడుగులకు ఒక అడుగు లేచు వాలుమీద గంటకు 36 కిలోమీటర్ల వేగమున ఎక్కుటకు కావలసినది సుమారు 20 అశ్వశక్తి. గాలి, చక్రముల రాపిడి కలిపినను 30కి మించదు. మా పాత బండి పుట్టుకతో తెచ్చుకొన్నది దానికి రెట్టింపు. అట్లయిన క్రొత్త బలము సంపాదించుట కాదు, ఉన్న బలము ఎచ్చట పోయినదో వెదకుట మా పని.

ఆ వెదకులాటకు దారి చూపినవారు మా తండ్రిగారు. వారు కోలారు బంగారు గనులలో, చాంపియన్ రీఫులో, యౌవనమంతయు గడపినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మాతో ఉన్నారు. గనిలో రాతిని తొలుచు యంత్రములు ఒత్తిడి గాలితో నడిచెడివి. గొట్టములో చిల్లు పడెనా, యంత్రము ఎంత మంచిదైనను రాయి తెగదు. రాతిదుమ్ము రొమ్ములో నిలిచిపోయి వారికి ఇప్పుడు నాలుగడుగులకే ఆయాసము. వాకిట బండి చప్పుడు వినుచు వారన్నమాట ఇది: “నా మాదిరే ఆయాసపడతా ఉంది. గాలి ఎక్కడ పోతా ఉందో ముందు చూడండిరా.”

ఒక కిలో డీజిలు చక్కగా కాలుటకు సుమారు 14.5 కిలోల గాలి కావలెను. కోలారు పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 2700 అడుగుల ఎత్తున ఉండుటచే ఇచ్చటి గాలి పల్చన. సుమారు పదవ వంతు తక్కువ. ఆ కొఱతను తీర్చునది టర్బో. వెలుపలికి పోవు పొగ ఒక చక్రమును త్రిప్పగా, దానికి జోడైన చక్రము గాలిని ఒత్తి, ఇంటర్ కూలరులో చల్లార్చి, ఇంజనుకు పంపును. నడుమ గాలి కారిపోయినచో డీజిలు సరిగా కాలక నల్లపొగయై పోవును.

మఱునాడు ఊరి షెడ్డులో కంప్రెసరుతో ఆ గొట్టములలోనికి కొద్దిపాటి గాలి పంపి, పంచరు వెదకినట్లు సబ్బునురుగు పూసితిమి. ఇంటర్ కూలరు గొట్టము క్లాంపు క్రింద బుడగలు లేచెను. రబ్బరు పగిలి, చుట్టును నూనెమరక. ఎయిర్ ఫిల్టరు విప్పగా దోసెడు ఎఱ్ఱదుమ్ము రాలెను. పొగను కొంత మరల ఇంజనుకు త్రిప్పు ఈజీఆర్ దారి మసితో సగము పూడియుండెను. వెనుక చక్రమున ఒక బ్రేకు వదలక పట్టియుండెను. ఇవన్నియు మా అశ్రద్ధ ఫలములే. చవుకయని ఫిల్టరును మార్చక దులుపుచు వచ్చినవారము మేమే. అనుమతించిన బరువుకు మించి క్రేట్లు ఎక్కించినవారమును మేమే.

గొట్టము, గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టరు మార్చి, మసి కడిగించి, బ్రేకు సరిచేయించితిమి. తరువాతి వారము అదే కనుమను, తగిన బరువుతో, మూడవ గేరులో ఎక్కితిమి. పొగ లేదు. అప్పును లేదు.

పాత బండ్లతో బ్రతుకు లాగుచున్న మన కుటుంబములవారికి మా విన్నపము ఒక్కటే. బలమును కొనుటకు ముందు గాలి దారిని, డీజిలు దారిని, చక్రములను చూచుకొనుడు. మన భాషలో ఊపిరికిని బలమునకును దమ్ము అను ఒకే మాట ఊరక వాడుకలోనికి రాలేదు.

పారవేయుటకు తీసిన పాత ఫిల్టరును మా తండ్రిగారు చేతిలోనికి తీసికొని, మడతలలోని దుమ్మును వ్రేలితో తడవి చూచి, “దీనికైతే మార్చొచ్చు” అని ప్రక్కన పెట్టిరి.