మామూ తెచ్చిన రాడ్

కువైట్ నుంచి వచ్చేటప్పుడు మామూ ప్రతిసారీ అత్తరు, ఖర్జూరం తెస్తాడు. ఈసారి మా అబ్బాయి కోసం 12 అడుగుల గాలపు కర్ర తెచ్చాడు. మూడు ముక్కలుగా విడిపోతుంది. అక్కడ జుమా రోజు సాయంత్రం సముద్రం ఒడ్డున దాంతోనే కూర్చునేవాడట. "నా షౌక్ తీరిపోయింది, ఇక వీడి వంతు" అన్నాడు. రాడ్ ఇచ్చాడు గానీ రీల్ ఇవ్వలేదు, దారం ఇవ్వలేదు. మిగతా ఖర్చు నాదన్నమాట.

మా అబ్బాకు కూడా గాలం పిచ్చి ఉండేది. ఆయనది కాలువ గట్టు షికార్. వెదురు కర్ర, నెమలీక కాడతో చేసిన బెండు, గోధుమ పిండి ఉండ. వానపామును బతికుండగా కాంటాకు గుచ్చడం ఆయన మనసొప్పేది కాదు. "మన రిజ్క్ కోసం పడదాం, తమాషా కోసం ఒక జానును సతాయించకూడదు" అనేవారు. ఒక పూట దొరికితే రెండు పరిగెలు, లేకపోతే ఖాళీ సంచి. ఖాళీ సంచితో వచ్చిన రోజు అమ్మీ ఎగతాళికి ఆయన దగ్గర ఒకటే జవాబు, సబర్.

సముద్రం కాలువ కాదు. అలల్లోకి విసరాలంటే సీసం బరువుండాలి, ఆ బరువును మోసే దారం ఉండాలి. గుంటూరులో గాలం సామాను కొట్టుకు పోయి 5000 సైజు స్పిన్నింగ్ రీల్ ఒకటి, 15 పౌండ్ల నైలాన్ దారం, 4 ఔన్సుల సీసపు గుళ్లు అరడజను కొన్నాను. కాంటాల సైజులతో బుర్ర తిరిగింది. 1 దాకా నంబరు పెరిగేకొద్దీ కాంటా చిన్నది, 1/0 దాటాక పెరిగేకొద్దీ పెద్దది. ఈ లెక్క పెట్టినవాడు ఉర్దూ మీడియంలో గణితం చదివి ఉంటాడని నేనంటే మా అబ్బాయి నవ్వలేదు. పద్నాలుగేళ్లొచ్చాక వాడు నా జోకులకు నవ్వడం మానేశాడు.

కాంటాల దగ్గర మాత్రం వాడి మాటే విన్నాను. మొన లోపలికి వంగిన సర్కిల్ హుక్ తీసుకోమన్నాడు. చేప దాన్ని మింగబోయి తిరిగినప్పుడు మూతి మూలలో తగులుకుంటుంది, పొట్టలోకి పోవడం తక్కువ. చిన్న చేప పడితే గాయం లేకుండా వదిలేయొచ్చు. అబ్బా ఉంటే ఈ కాంటా ఆయనకు నచ్చేది.

ఎర విషయంలో ఇంట్లో పెద్ద బహస్ నడిచింది. రొయ్యను మించిన చారా లేదంటారు అందరూ. మనం హనఫీలం. సముద్ర జీవుల్లో మనకు హలాల్ చేప ఒక్కటే. రొయ్య చేపా కాదా అన్నది ఉలమా మధ్య పాత ఇఖ్తెలాఫ్. మా అమ్మీ ఏనాడూ రొయ్య వండలేదు. "కాంటాకు గుచ్చుకో, నా ఫ్రిజ్‌లో మాత్రం నక్కో" అంది. అందుకని పావుకిలో రొయ్యలకు రాళ్ల ఉప్పు పట్టించి, ఐస్ డబ్బాలో పెట్టి, రాత్రంతా వరండాలో ఉంచాం. ఉప్పు వల్ల మెత్తని రొయ్య గట్టిపడుతుంది, విసిరినప్పుడు ఊడిపోదు. అయినా పైన సన్నని ఎలాస్టిక్ దారం నాలుగు చుట్లు చుట్టాలి. కవళ్లను ముక్కలు కోసినా అంతే. రొయ్యను పీతలు పీక్కుతింటున్న చోట స్క్విడ్ ముక్క ఎక్కువసేపు నిలుస్తుంది.

ఏ రోజు వెళ్లాలన్నది చాంద్ తారీఖే చెప్పింది. మన కేలండర్ వెన్నెలది, పోటుపాట్లూ వెన్నెలవే. నెల మొదటి మూడు రోజులు, మళ్లీ 15, 16, 17 తారీఖుల్లో పోటు బాగా ఎక్కుతుంది. 8, 9 దగ్గర, 22, 23 దగ్గర సముద్రం మందంగా ఉంటుంది. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇంటి గోడ మీద మసీదువాళ్లు ఇచ్చిన కేలండర్ ఉంటే చాలు, మరో యాప్ అక్కర్లేదు.

బయల్దేరే ముందు రాత్రి మా అబ్బాయి అడిగాడు. "అబ్బా, షాక్ లీడర్ కట్టావా?"

కట్టలేదు. రీల్ దారం చివర, గుండు కట్టే ముందు, మందపు దారం ఒకటి కలపాలి. విసిరేటప్పుడు కర్ర విల్లులా వంగి ఒక్కసారి విదిలిస్తుంది, ఆ ఝట్కా అంతా దాని మీద పడుతుంది. ఔన్సు సీసానికి 10 పౌండ్ల బలం చొప్పున లెక్క. 4 ఔన్సులంటే 40 పౌండ్లు. పొడవు కర్రకు రెండింతలు, పైన రీల్ మీద నాలుగైదు చుట్లు. కొట్టువాడు చెప్పాడు, వీడూ చెప్పాడు. ముడి రింగుల్లో తట్టుకుంటుందని ఒక సాకు, నిద్రొస్తోందని ఇంకొక సాకు. "రేపు చూద్దాంలే" అన్నాను.

బాపట్లలో ఫజర్ చదివి సూర్యలంక చేరేసరికి వెలుతురు వస్తోంది. రెండుసార్లు విసిరాను, బాగానే వెళ్లింది. దూరం చూసి నాకే మజా వచ్చింది. మూడోసారి వాడి ముందు ఇంకా దూరం విసరాలనిపించింది. కర్రను పూర్తిగా వెనక్కి లాగి ఊపాను. ఫట్‌మని దారం తెగింది. గుండు ఎటు పోయిందో కనపడలేదు. చప్పుడు మాత్రం వినపడింది, కుడివైపు నుంచి.

యాభై అడుగుల అవతల ఇసుకలో ఫైబర్ బోటు ఉంది. దాని నీడలో ఎనిమిదేళ్ల పిల్లవాడు తాత పక్కన కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. బోటు అంచుకు పగులు పడింది. పిల్లవాడి తలకూ ఆ పగులుకూ మధ్య జానెడు దూరం.

నా వేలు దారం కోసుకుని రక్తం కారుతుంటే, చెయ్యి చూసుకోవడానికి రాడ్ వాడి చేతికిచ్చాను. ముసలాయన గుండును అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. నన్ను చూడలేదు, రాడ్ పట్టుకున్నవాణ్ణి చూశాడు. "ఏం బాబూ, మనుషులు కనపడటంలా?"

అప్పుడు వెంటనే నేనని చెప్పాలి. చెప్పలేదు. ఎంతసేపని అడిగితే మూడు ఊపిరులంత. ఇరవై ఏళ్లుగా ఊరివాళ్ల తప్పుల మీద వార్తలు రాసే వాణ్ణి, నా కొడుకు తల దించుకుని నిలబడి ఉంటే వేలు చుట్టూ రుమాలు చుట్టుకుంటున్నాను. వాడు ఒక్క మాట అనలేదు. నా వైపు కూడా చూడలేదు.

"నేను విసిరాను బాబాయ్. వీడు లీడర్ కట్టమన్నాడు, నేనే కట్టలేదు" అన్నాను చివరికి. ముఆఫీ అడిగాను. బోటు బాగుచేయడానికి డబ్బులు తీశాను. ఆయన తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా. తర్వాత గుండు నా చేతిలో పెట్టి, "అంత దూరం ఎందుకు సాయిబు గారూ?" అన్నాడు. నీళ్ల వైపు చూపించాడు. తెల్లగా నురగ విరుగుతున్న చోట ఇసుక దిబ్బ ఉంటుంది. దానికీ ఒడ్డుకూ మధ్య కాస్త నల్లగా, నున్నగా కనిపించే నీళ్లే లోతు. చేప ఆ కాలువలోనే తిరుగుతుంది. ముప్పై నలభై గజాలు చాలు. నేను దిబ్బ అవతలికి విసురుతున్నాను. ఇంకో మాట కూడా చెప్పాడు, ఈ గుండ్రటి సీసం ఇసుకలో దొర్లిపోద్ది, పలకలున్నదైతే దిగబడుద్ది అని.

ఆ రోజు ఇంకేమీ పట్టలేదు. కారులో గుంటూరు దాకా మాటల్లేవు. ఇంటికొచ్చి రీల్ మంచినీళ్లతో కడగడం, రాడ్ తుడవడం వాడే చేశాడు.

నెల తిరిగాక మళ్లీ 16వ తారీఖొచ్చింది. వస్తావా అని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. వచ్చాడు. 40 పౌండ్ల దారం, పిరమిడ్ గుండు. డబుల్ యూని ముడి వేసి, ఉమ్ముతో తడిపి, మెల్లగా బిగించాను. తడపకపోతే రాపిడికి దారం కాలి బలం పోతుంది. నురగ ఇవతల, నల్ల నీళ్లలో వేశాం. గంటలో రెండు గొరకలు, ఒక జెల్ల. జెల్లకు వీపున ఒకటి, రెక్కలకు రెండు ముళ్లుంటాయి, విషం. గుడ్డతో పట్టి కటింగ్ ప్లేయర్‌తో కాంటా తీయాలి. అమ్మీ గొరకల పులుసు చేసింది.

ఆ ఉదయం మొదటిసారి విసరబోతుంటే వాడు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు కుడివైపు చూశాడు, తర్వాత ఎడమవైపు, తర్వాత వెనక్కి. దారాన్ని రెండు చేతులతో పట్టి ముడిని గట్టిగా లాగాడు.

"హౌ, అబ్బా. ఇప్పుడు వెయ్" అన్నాడు.