టర్బో చల్లారేదాకా



మొన్న వికారాబాద్ మీటింగుల ఒక తమ్ముడు అందరి ముంగట అడిగిండు. "అన్నా, ఉద్యమం చేసేటోనికి థార్ ఎందుకే? బండిని జూస్తె జనం దూరం కారా?" తప్పడగలేదు. అప్పుడు నవ్వి ఊకున్న. జవాబు ఇక్కడ రాస్తున్న, జర లంబాగనే ఉంటది.

నాది 2014 మోడల్, సీఆర్‌డీఈ. 2019ల సెకండ్ హ్యాండ్ల కొన్న. సగం పైసలు మా ఇంటామె చిట్టి ఎత్తినవి, సగం అప్పు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 105 గుర్రాల బలం, టర్బో. ఏసీ పనిచెయ్యది. టాపు వానకు కారుతది. ఒక్క దగ్గర కారదు. చినిగిన కాడ మా నాయిన ఆరెతోటి కుట్టిండు. మోట తొండాలు కుట్టిన చెయ్యి అది.

మా తాండూరు దిక్కు నల్లరేగడి. వానకాలం చక్రాన్ని పట్టిందంటె ఇడువది. నేను పోయే ఊరికి పొద్దున ఒక బస్సు, మాపటికి ఒక బస్సు. అట్రాసిటీ కేసు వాయిదా ఉన్ననాడు సాక్షి ఎక్కేది ఆ బస్సే, ముద్దాయిలు ఎక్కేదీ ఆ బస్సే. అరవై ఏండ్ల ముసలామె ఒక్కతి, ముందు సీట్లల్ల వాళ్లు ఐదుగురు. ఏమీ అనరు. నడుమ నడుమ ఎనక్కి తిరిగి సూస్తరు, గంతే. కోర్టుల బోనెక్కేసరికి ఆమెకు నోరు పెగలది. చట్టం కింద 1995ల వచ్చిన రూల్స్‌ల 11వ రూలు సాక్షికి దారిఖర్చులు ఇయ్యాలంటది. ఆ టికెట్ పైసలు ఇప్పియ్యనీకే నా చెప్పులరిగినయి. పైసలొచ్చినా బస్సు మాత్రం మారదు గద. అందుకే బండి.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల 1929 నాటి చాలీస్‌గావ్ ముచ్చట రాసిండు. అంటరానోన్ని ఎక్కించుకొని తోలమని టాంగావాళ్లు అన్నరు. మహర్ వాడోళ్లు టాంగా ఒక్కటే కిరాయికి తెచ్చి, తోలుడు సరిగ రానోన్ని కూసోబెట్టిండ్రు. కల్వర్టు కాడ బండి ఎత్తేసి బాబాసాహెబ్ కాలు ఇరిగింది. అది సదివినప్పుడల్ల నేను ఆ తోలినోని గురించే ఆలోచిస్త. ఎంత భయపడ్డడో.

నేను తోలుడుతో ఆపలే. తాండూరుల ఉస్తాద్ పక్కన కూసొని బాగుచేసుడు గూడ నేర్చుకున్న. "టర్బో అంటె ఇంకేం గాదు బేటా, ఇంజను ఇడిచిన పొగతోటి తిరిగే పంఖా" అంటడు ఆయన. పొగ దిక్కు ఒక పంఖా, గాలి దిక్కు ఒక పంఖా, రెండింటికీ ఒకటే కడ్డీ. నిమిషానికి లక్ష సుట్లు దాటి తిరుగుతది. ఆ కడ్డీ ఆయిల్ పొర మీద తేలుతది. ఆయిల్ పంపు నడిచేది ఇంజనుతోటి. గుంజి గుంజి నడిపిన బండిని వచ్చుడు వచ్చుడే బందు చేస్తె ఆయిల్ ఆగుతది, వేడి ఆగది. ఉన్న ఆయిల్ మాడి మసైతది. అందుకే బండి ఆపినంక ఒక్క నిమిషం ఇంజను ఊకె తిరగనియ్యాలె. పొద్దున స్టార్ట్ చెయ్యంగనే రేసు ఇయ్యొద్దు. షాబాద్ బండల దుమ్ము పంఖా రెక్కలను తింటది, వారానికోసారి ఎయిర్ ఫిల్టర్ దులపాలె. ఇవన్నీ అలవాటైనయి. నాతోని కానిది ఆ ఒక్క నిమిషమే.

ఆమె ఊర్ల మాదిగవాడకు బండి పోదు, గల్లీ సన్నది. రచ్చకట్ట కాడ ఆపాలె. రచ్చకట్ట మీద ఎవరు కూసుంటరో మీకు చెప్పక్కర్లే. మా ఊర్ల అసువంటి జాగకు వచ్చేసరికి మా నాయిన చెప్పులు చేతిల పట్టుకునేటోడు. కట్ట మీద కూసున్నోళ్ల కాళ్లకున్న చెప్పులు కుట్టింది గూడ ఆయనే. అసువంటి కాడ ఇంజను బందు చెయ్యకుండ, బండి దిగకుండ, నిమిషం కూసోవాలె. మొదటిసారి ఒకాయన అననే అన్నడు: "ఏందిరా, దిగవా? జోరు సూపెడుతున్నవా?" టర్బో సంగతి చెప్పబోయి మింగిన. ఆర్నెల్లు ఎన్నడు నిమిషం ఆగలే. ఆ సూపులు పడలేక పది సెకన్లకే చావి తిప్పి దిగిపోయేటోన్ని.

సీలు పోయింది. నీలం పొగ మొదలైంది. "నీకేం తొందరరా?" అని ఉస్తాద్ తిట్టిండు. ఆయనకు గూడ అసలు సంగతి చెప్పలే. రిపేరుకు మళ్ల అప్పు చేసిన. అప్పటిసంది గడియారం సూసుకుంట కూసుంటున్న. ముసలామెకు గూడ చెప్పిన, ఇది చల్లారాలె అవ్వా అని. ఆమె మాత్రం బండి ఆగుతనే దిగి, తలొంచుకొని గల్లీలకు ఉరికేది.

పోయిన ఆగస్టుల వాయిదా. రాత్రంత వాన, కాగ్నా నిండుగ పోతున్నది. ఆ రోజు నాయిన గూడ వెంట ఉన్నడు. బురదల 4లో ఏసి గుంజుతుంటె ఠప్పుమన్నది. నల్లపొగ, బలం లేదు. ఇంటర్‌కూలర్ పైపు చినిగింది. టైం తొమ్మిదిన్నర. నాయిన నన్ను పక్కకు జరగమని, సీటు కిందున్న పాత సైకిల్ ట్యూబును రంపెతోటి పట్టీలు కోసి, పైపుకు మూడు సుట్లు బిగించి మైనం దారంతోటి కట్టిండు. "తొండం చిల్లువడితె గిట్లనే కట్టేది" అన్నడు. గట్టిగ తొక్కితె గాలి ఒత్తిడికి కట్టు ఊడుతది. మెల్లగ పోనిచ్చిన. రోడ్డెక్కినంక బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలకెల్లి వాళ్లు సూసిండ్రు.

పదకొండుంబావుకు చేరినం. కేసు అప్పటికి పిలువలే. బువ్వ యాళ్లయినంక పిలిస్తె, అవతలి వకీలు టైం అడిగిండు. ఇంకో తారీఖిచ్చిండ్రు. ఆమె కొంగుల మూటకట్టుకున్న మాటలన్నీ అట్లనే ఉండె.

మాపటికి రచ్చకట్ట కాడ ఆపిన. కట్ట మీద నలుగురున్నరు. ఆమె దిగలే.

"నిమిషమైందా బిడ్డా?"

"అయిందవ్వా."

"ఇంకొంచెం తిరగనియ్యి" అన్నది. కొంగు సదురుకొని, కట్ట దిక్కే సూసుకుంట కూసున్నది.