పది గంటల విమానం

రెండేళ్ల కిందట మార్గశిరంలో మా అత్తయ్య తెల్లవారుజామున కన్నుమూశారు. మాది మహబూబ్‌నగర్. తల్లికి చిన్నకొడుకే తలకొరివి పెట్టాలన్నది మా ఇంటి ఆనవాయితీ. ఆ చిన్నకొడుకేమో దుబాయిలో ఉన్నాడు. కబురు చెప్పగానే, "వదినా, పది గంటల విమానానికి టిక్కెట్టు దొరికింది. నేనొచ్చేదాకా అమ్మను తీసుకుపోవద్దు" అని ఏడ్చాడు మా మరిది.

మా పెద్దమామయ్య లెక్క కట్టారు. "మూడున్నర గంటల ప్రయాణం. పదికి ఎక్కితే ఒకటిన్నరకు శంషాబాద్, మూడింటికి ఇంట్లో ఉంటాడు." అందరికీ అదే చెప్పాం.

మూడు కొట్టింది. మరిది జాడ లేదు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. "చలికాలం, తొందరగా పొద్దు గూకుతుంది. పెద్దకొడుకు చేతనే కానిచ్చేద్దాం" అన్నారు వచ్చినవాళ్లు. మావారు తల వంచుకుని కూర్చున్నారు.

నాకు మనసొప్పలేదు. మరిది పంపిన టిక్కెట్టు ఫోనులో మళ్లీ చూశాను. బయలుదేరేది 10, దిగేది 3 అని ఉంది. మూడున్నర గంటల దారికి అయిదు గంటలెందుకు? అప్పుడు తట్టింది. పది అంటే దుబాయి పది! అప్పటికి మన గోడ గడియారంలో పదకొండున్నర. క్యాలెండర్ కాగితం వెనక రాసి పెద్దమామయ్యకు చూపించాను. మూడింటికి దిగడం, అరగంటలో బయటపడడం, జడ్చర్ల మీదుగా గంటన్నర. "అయిదు దాకా ఆగండి మామయ్యా" అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "ఆగుదాం" అన్నారు.

అయిదు దాటి పది నిమిషాలకు చేతిసంచితో కారు దిగాడు మరిది. వెలుతురుండగానే తల్లికి కొరివి పెట్టాడు. 2008కి ముందులా బేగంపేటలో దిగి ఉంటే పట్నం దాటేసరికే చీకటి పడేది. శంషాబాద్ మన దారిలోనే ఉండడం మేలైంది.

తర్వాత మా అబ్బాయి విడమరచి చెప్పాడు. హైదరాబాదుకు, దుబాయికి మధ్య సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయి గడియారం ఏడాది పొడుగునా మనకంటే గంటన్నర వెనకే. టిక్కెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. అందుకే వెళ్లేటప్పుడు రెండున్నర గంటల్లో చేరినట్టు కనిపిస్తుంది గానీ, గాలిలో ఉండేది దాదాపు నాలుగు గంటలు. పైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి గనుక మన వైపు వచ్చేటప్పుడు కాస్త తొందరగా వస్తుంది.

మీ ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండే ఉంటారు. వాళ్లు వస్తున్నామంటే "ఎన్నింటికి ఎక్కుతావు" అని కాదు, "మన టైముకు ఎన్నింటికి దిగుతావు" అని అడగండి. దానికి బయటపడే సేపు, రోడ్డు ప్రయాణం కలుపుకోండి.

ఇప్పుడు మా మరిది టిక్కెట్టు కొంటే ముందు నాకే పంపుతాడు. "లెక్క చూసి చెప్పు వదినా" అంటాడు.