ఆ క్యాసెట్లు ఏ పాపం చేశాయి?

మొన్న సంక్రాంతికి చాలా ఏళ్ళ తర్వాత ఖరగ్‌పూర్ వెళ్ళాను. పాత మిత్రులం నలుగురం గోల్‌బజార్‌లో టీ తాగుతూ కూర్చున్నాం. మాటల్లో ఒకడు "ఆ దెయ్యం పాటలు వినకపోయి ఉంటే వాడి చెయ్యి వాడికి ఉండేదిరా" అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. వాళ్ళలో ఒకడు ఇంజినీరు, ఇంకొకడు స్కూల్లో సైన్సు టీచరు. ఇరవై ఏళ్ళ కిందట మా వీధి పెద్దలు ఇదే మాట అంటే మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు మా వాళ్ళే అంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

హేతువాదిని కాబట్టి రాక్ సంగీతాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఈ విషయంలో నేనూ చాలా ఏళ్ళు ఒక తప్పు చేశాను. అది చివర్లో చెబుతాను.

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ గుర్తొస్తుంది. మాకు మాత్రం ఖరగ్‌పూర్ అంటే రైల్వే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ళు ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన వాళ్ళు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా తాత ఖలాసీగా వచ్చాడు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ. ప్రపంచంలోకల్లా పొడుగైన ప్లాట్‌ఫారం మాదేనని, 1072 మీటర్లని, చుట్టాలు వస్తే గొప్పలు చెప్పేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటిపోయాయి. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆ గొప్ప కూడా లేదు.

మాకు రాక్ ఐఐటీ గోడల మీంచే వచ్చింది. జనవరిలో వాళ్ళ స్ప్రింగ్ ఫెస్ట్ జరిగేటప్పుడు సైకిళ్ళ మీద వెళ్ళి దూరం నుంచే గిటార్లు వినేవాళ్ళం. తర్వాత ఒకడి అన్నయ్య ఎక్కడినుంచో మెటాలికా, ఐరన్ మెయిడెన్, పింక్ ఫ్లాయిడ్ తెచ్చాడు. ఒకటి తెస్తే పది కాపీలు అయ్యేవి. మాతో తిరిగే బెంగాలీ కుర్రాడు "మీకేం తెలుసురా" అంటూ డెబ్భైల నాటి కలకత్తా బృందం మొహీనేర్ ఘోరాగులి పాటలు వినిపించాడు. ఇళయరాజా గొప్పా, ఐరన్ మెయిడెన్ గొప్పా అని మథురాకాటి దారిలో రాత్రి పదకొండు దాకా కొట్టుకున్న రోజులున్నాయి.

2003లో నేను డిగ్రీకి హైదరాబాద్ వచ్చేశాను. ఆ తర్వాత మా కబుర్లన్నీ యాహూ మెసెంజర్‌లోనే. ఆదివారం రాత్రి నేనిక్కడ ఒక సైబర్ కేఫ్‌లో, వాళ్ళక్కడ ఒక సైబర్ కేఫ్‌లో. ఏం విన్నావు, ఏం సంపాదించావు, ఎవడి టేస్టు నిజం, ఎవడిది పోజు, ఇదే గోల. మెల్లగా అందులోకి సాహసాలు కూడా వచ్చి చేరాయి. ఒకడు అర్ధరాత్రి ఒంటరిగా యార్డు దాటానంటాడు. ఇంకొకడు లోకల్ బండి ఫుట్‌బోర్డు మీద స్టేషను నుంచి స్టేషనుకి వెళ్ళానంటాడు. మెత్తటి పాటలు వినేవాళ్ళు మెత్తటి మనుషులనీ, మేం వేరే జాతి అనీ మా నమ్మకం.

2004 మే నెలలో సెలవులకి ఇంటికి వెళ్ళాను. ఒక సాయంత్రం బాలీచక్ నుంచి హౌరా-ఖరగ్‌పూర్ లోకల్‌లో తిరిగొస్తున్నాం. ఆ బండ్ల తలుపులు మూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. జక్‌పూర్ దాటాక మా వాడు (పేరెందుకు, మా వాడు అంటే చాలు) కడ్డీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాచి, ఒళ్ళంతా బయటికి వంచాడు. మేం లోపల్నుంచి ఈలలు వేస్తున్నాం. ఒక స్తంభం వచ్చింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు. దెబ్బకి వాడు తిరిగి లోపలికే వచ్చి మా కాళ్ళ దగ్గర పడ్డాడు. కుడి చేతిని మోచేతి పైన తీసేశారు. ప్రాణం దక్కింది.

వారం తిరక్కుండానే కారణాలు తయారయ్యాయి. జాతకం చూసినాయన రాహువు అన్నాడు. ప్రార్థనకి వచ్చిన బోధకుడు, ఆ పాటల్ని తిరగేసి వింటే సైతాను మాటలు వినపడతాయని చెప్పాడు. రాహువుకి వ్యతిరేకులూ, సైతానుకి వ్యతిరేకులూ ఒక్క విషయంలో ఏకమయ్యారు: క్యాసెట్లు తగలెయ్యాలి. వాళ్ళమ్మని నేను పిన్నీ అంటాను. పిన్ని పెరట్లో వాటిని పోగేసి కిరసనాయిలు పోసింది. నాన్న ఒక్కడే వేరే మాట అన్నాడు: "బండికీ స్తంభానికీ మధ్య ఎంత జాగా ఉండాలో కొలతలు రాసి ఉంటాయిరా. ఆ కొలతలు బండికే గానీ బయటికి వేళ్ళాడే మనిషికి కాదు."

నాకు హేతువాదం అప్పుడప్పుడే పరిచయం. కోవూర్ పుస్తకాలు చదువుతున్నాను. ఊరంతా ఒక మాట అంటుంటే దాన్ని పరీక్షించి చూడాలని పట్టుదల వచ్చింది. చేసింది చెబుతాను.

మొదటిది, తిరగేసిన పాట. ఒక మిత్రుడి కంప్యూటర్లో ఐరన్ మెయిడెన్ పాటొకటి తిరగేసి వాళ్ళ చెల్లెలికి వినిపించాం. ఏమీ వినపడలేదంది. "ఇక్కడ 'చచ్చిపో' అని వస్తుంది చూడు" అని చెప్పి మళ్ళీ వినిపించాం. వెంటనే వినపడింది, భయపడింది కూడా. తర్వాత ఒక భక్తిగీతం తిరగేసి అదే మాట చెప్పాం. అందులోనూ వినపడింది! మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కెనడాలో వోకీ, రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లోనే ఇలాంటి ప్రయోగాలు పద్ధతిగా చేసి ప్రచురించారు. తిరగేసిన మాటల అర్థం వినేవాళ్ళకి అందదు. ఏం వినాలో ముందు చెబితే మాత్రం అదే వినపడుతుంది. సైతాను టేపులో లేడు, చెప్పేవాడి నోట్లో ఉన్నాడు.

ఇది కోర్టుకి కూడా ఎక్కింది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో 1985 డిసెంబరులో ఇద్దరు కుర్రాళ్ళు తుపాకీతో కాల్చుకున్నారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు 1988లో పోయాడు. జూడాస్ ప్రీస్ట్ అనే బృందం 1978లో చేసిన ఆల్బంలో "చెయ్యి, చెయ్యి" అని ఒక రహస్య ఆజ్ఞ దాగి ఉందని కుటుంబాలు దావా వేశాయి. 1990లో రీనోలో విచారణ జరిగింది. ఆ శబ్దం గిటారు ధ్వనీ, గాయకుడి ఊపిరీ యాదృచ్ఛికంగా కలిసినందువల్ల వచ్చిందని జడ్జి తేల్చి దావా కొట్టేశాడు. బిడ్డలు పోయిన తల్లులు కారణం కోసం వెతుక్కోవడం నాకు అర్థమవుతుంది. పిన్ని కిరసనాయిలు పోస్తుంటే నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

రెండోది కాస్త గట్టి వాదన. దెయ్యం లేకపోవచ్చు గానీ, రాక్ వినేవాళ్ళు సాహసాలకి ఎగబడతారు కదా? ఇందులో కొంత నిజం ఉంది. మార్విన్ జుకర్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1964లో ఉత్తేజం కోసం వెతికే గుణాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. ఆ గుణం ఎక్కువున్న విద్యార్థులు రాక్‌ని కొంచెం ఎక్కువగా ఇష్టపడుతున్నారని 1986లో ఆయనా, సహచరుడూ చూపించారు. కానీ రెండు సంగతులు కలిసి కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణమైపోదు. వేగం ఇష్టమైనవాడు వేగమైన పాటా వింటాడు, వేగమైన బండీ ఎక్కుతాడు. గొడుగులు వానని తేవు కదా! పైగా ఆ సంబంధాలు చాలా చిన్నవి. సంగీతం టేస్టు మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క చూస్తే, మనిషి స్వభావాన్ని బట్టి వాడి టేస్టు చెప్పడం దాదాపు కుదరదని తేలింది. మేం వేరే జాతి అనుకున్నాం కదా, ఆ జాతి కూడా లేదన్న మాట.

అన్నిటికన్నా చిన్న సాక్ష్యం నా సంచిలోనే ఉంది. ఆ సాయంత్రం మా దగ్గరున్న ఒకే ఒక్క వాక్‌మన్ నా సంచిలో ఉంది. బ్యాటరీలు మధ్యాహ్నమే అయిపోయాయి. వాడు వేళ్ళాడినప్పుడు ఏ పాటా మోగడం లేదు.

మూడోది. మా వీధి అమ్మవారి పండక్కి డప్పుల మోతలో నిప్పుల మీద నడిచేవారు. పదిహేనేళ్ళప్పుడు మా వాడూ, నేనూ నడిచాం. బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, అడుగు ఆనేది ఒక్క క్షణం, అందుకే కాలదు. అదే వేడి ఇనప రేకు మీద నడిస్తే ఏ అమ్మవారూ కాపాడదు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు ఏ పూజా లేకుండా నిప్పుల మీద నడిచి చూపించింది అందుకే. నేను అడిగేది వేరే. పెద్ద మోత, కుర్రాళ్ళు, ప్రమాదం, చుట్టూ జనం. ఆ రోజు కాలు కాలి ఉంటే డప్పుల్ని తగలేసేవారా? మన మోత అయితే భక్తి, పరాయి మోత అయితే దెయ్యం!

ఇవన్నీ కలిపి అప్పట్లోనే ఒక వ్యాసం రాసి మిత్రులందరికీ పంపాను. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పటికీ అందులో ఒక్క వాస్తవం కూడా తప్పు కాదు.

ఇప్పుడు చివర్లో చెబుతానన్న సంగతి. మా ఆదివారం కబుర్లలో నేను ఒక పాయింట్ల పట్టిక తయారు చేశాను. కొత్త ఆల్బం సంపాదిస్తే 2. రాత్రి యార్డు దాటితే 3. కదిలే బండి తలుపులోంచి ఒక చేత్తో వేళ్ళాడితే 5. మార్కులు వేసేదీ, లెక్క చూసేదీ, ప్రతి ఆదివారం ఎవడు పైనున్నాడో ప్రకటించేదీ నేనే. హైదరాబాద్‌లో కూర్చుని. హైదరాబాద్‌లో నేనేమీ వేళ్ళాడలేదు. చేశానని రాసేవాణ్ణి.

2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక ప్రయోగం ప్రచురించారు. 306 మందిని మూడు వయసుల వాళ్ళుగా విడదీసి కంప్యూటర్లో కారు నడిపే ఆట ఆడించారు. కొందరు ఒంటరిగా, కొందరు స్నేహితులు పక్కన ఉండగా. పక్కన స్నేహితులుంటే 13-16 ఏళ్ళ వాళ్ళు చాలా ఎక్కువ ప్రమాదానికి తెగించారు. 18-22 వాళ్ళలో అది కొంత తగ్గింది. పెద్దవాళ్ళలో తేడా దాదాపు లేదు. మా వాడికి అప్పుడు 19. కారు ఆట వేరు, రైలు వేరు, నాకు తెలుసు. వాడికి బుద్ధి లేదా అనీ అడగొచ్చు. కానీ రాహువునీ, సైతానునీ, గిటారునీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వచ్చినవాణ్ణి, మిగిలిన కారణం దగ్గరికి రాగానే ఆగిపోయాను. పాటల్ని నిర్దోషులని నిరూపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేను కూడా నిర్దోషినయ్యాను.

ఆ టీ తాగిన సాయంత్రమే వాడి దగ్గరికి వెళ్ళాను. వాడికి జెరాక్స్ షాపు ఉంది. ఎడమ చేత్తో మనకన్నా వేగంగా పని చేస్తాడు. కౌంటరు వెనకాల ఐరన్ మెయిడెన్ చిన్నగా మోగుతోంది. ఆ పట్టిక సంగతి ఎత్తాను. వాడు నవ్వాడు.

"మర్చిపోతానేటిరా? ఆ రోజుకి నీకు 45, నాకు 42."

నేనేం మాట్లాడలేకపోయాను. వాడే మళ్ళీ అన్నాడు: "నీ వ్యాసం అప్పుడే చదివాను. బాగా రాశావు. పట్టిక సంగతి ఎక్కడా లేదేటని చూశాను. పోనీలే. అమ్మకి మాత్రం చెప్పు. ఇప్పటికీ నేను పాట పెడితే పక్క గదిలోకి వెళ్ళిపోద్ది."

పిన్నికి డెబ్భై దాటాయి. వంటింట్లో పీట మీద కూర్చుని అంతా చెప్పాను. పాయింట్లు, ఐదు మార్కులు, నేను రాసిన అబద్ధాలు. ఆమె చేస్తున్న పని ఆపలేదు. కాసేపయ్యాక "మరి అప్పుడే చెప్పలేదేటి బాబూ?" అంది. "భయమేసింది పిన్నీ" అన్నాను. ఇంకేం అనలేదు. టీ పెట్టి ఇచ్చింది.

ఈ రోజుల్లో కుర్రాళ్ళు రైళ్ళ దగ్గర వీడియోలు తీసుకుంటూ పోతున్నారు. ఫోను దెయ్యం అంటున్నాం. ఫోను పగలగొట్టడం క్యాసెట్లు తగలెయ్యడమంత తేలిక. అలాంటి వార్త విన్నప్పుడు నేనిప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను: వాడు చేస్తుంటే చూస్తున్నదెవరు? మార్కులు వేస్తున్నదెవరు? మన ఇంట్లో పిల్లలుంటే వాళ్ళని అడగండి. వాళ్ళేం వింటున్నారో తర్వాత చూద్దాం.

నేను తిరిగొచ్చిన రెండు వారాలకి మా వాడు ఫోన్ చేశాడు. పిన్ని ఇంకా పక్క గదిలోకే వెళుతోందట. తలుపు మాత్రం వెయ్యడం లేదట.