బాతు నడక

స్కూల్లో అందరూ 'బాతు' అంటున్నారని మా ఐదేళ్లవాడు ఓ రోజు ఏడుస్తూ వచ్చాడు. వాడివి చదును పాదాలు లెండి. గచ్చు మీద తడి అడుగు పడితే మధ్యలో వంపే కనబడదు. ప్రత్యేకమైన బూట్లంటే కార్డు తీయబోయి ఆగాను...

ఫిజియోథెరపిస్టు గారు వాణ్ణి మునివేళ్ల మీద నిలబెట్టారు. వంపు ప్రత్యక్షం! నొప్పి కూడా లేదు కదా, పదేళ్లు వచ్చేలోపు చాలామందికి దానంతటదే సర్దుకుంటుందన్నారు. ఇంటికొచ్చి వెతికితే, 1989లో అమెరికా డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం దొరికింది. మూడేళ్లు అలాంటి బూట్లు తొడిగిన పిల్లలకీ తొడగని పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. (కార్డు బతికింది!)

పిక్కలు మాత్రం బిగుతుగా ఉన్నాయట. గోడకి చేతులానించి సాగదీయించమన్నారు, కాలివేళ్లతో గోళీలు ఏరించమన్నారు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం పోటీ. రోజూ నేనే ఓడిపోతున్నా. నడక ఇంకా బాతుదే, ఏడుపు తగ్గింది.