మూడు రౌండ్ల తర్వాత

కామారెడ్డిలో పొద్దున రైలెక్కితే ఎండ ముదరక ముందే నిజామాబాద్‌లో దిగొచ్చు. 2016లో మా జిల్లా వేరైంది గానీ, బాక్సింగ్ మాటెత్తితే మా చూపు ఇప్పటికీ అటే. నిఖత్ జరీన్ మొదట పరుగు నేర్చుకున్నది అక్కడి కలెక్టరేట్ మైదానంలో, తండ్రి జమీల్ అహ్మద్ దగ్గర. బాక్సింగ్‌లో ఆడపిల్లలెందుకు లేరని అడిగి మరీ గ్లోవ్స్ తొడుక్కుంది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో జిట్‌పాంగ్ జుటమాస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ.

నేను ఆ మైదానానికి వెళ్లేసరికి పిల్లలు స్కిప్పింగ్ ముగించి జతలు కడుతున్నారు. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక సన్నటి పిల్లవాడి మీద నా కళ్లు నిలిచాయి. ఎడమచేయి చురుకు. కానీ దెబ్బ విసిరిన ప్రతిసారీ కుడిచేయి గదవ దగ్గర్నుంచి జారిపోతోంది. "గార్డ్ దించకు బిడ్డా! కొట్టిన చెయ్యి వెంటనే ఎనకకు రావాలె" అని కోచ్ అరుస్తూనే ఉన్నాడు. ఎదుటివాడి గుద్దు చెంపకు తగిలాక గానీ ఆ మాట వాడికి ఎక్కలేదు. తర్వాతి రౌండ్‌లో గార్డ్ కదిలితే ఒట్టు.

విరామంలో వాడు నా పక్కన కూలబడ్డాడు. "సార్, మెడల్ కొడితే నౌకరి వస్తది. ప్రొఫెషనల్ అయితే ఏమొస్తది?"

న్యాయమైన ప్రశ్న. నిఖత్ 2024లో డీఎస్పీ అయింది. ఇదే ఊరి హుసాముద్దీన్ సైన్యంలో ఉండి 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. మన ఇళ్లలో గ్లోవ్స్ కొనివ్వడానికి తల్లిదండ్రులు ఒప్పుకునేది ఆ ఉద్యోగం మీది ఆశతోనే. అందులో తప్పేమీ లేదు.

2022 క్రీడల్లో, బర్మింగ్‌హామ్ సెమీస్‌లో హుసాముద్దీన్‌ను ఓడించిన జోసెఫ్ కామీది ఘానా. ఆ దేశంలో కుర్రాళ్లు చూసే దారి వేరు. ఆ పిల్లవాడికి ఘానా బాక్సర్ అజుమా నెల్సన్ కథ చెప్పాను. 1978లో ఎడ్మంటన్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, మరుసటి ఏడాదే ప్రొఫెషనల్ రింగ్. 1982 జులైలో న్యూయార్క్‌లో సాల్వడార్ సాంచెజ్‌తో తలపడాల్సినవాడు తప్పుకుంటే, కొద్దిరోజుల ముందు ఇతన్ని పిలిచారు. అప్పటికి నెల్సన్ ఆడినవి 13 పోరాటాలే. ప్రపంచ ఛాంపియన్ సాంచెజ్‌ను పదిహేనో రౌండ్ దాకా లాక్కెళ్లి అక్కడ ఓడిపోయాడు. 1984లో ప్యూర్టోరికోలో విల్‌ఫ్రెడో గోమెజ్‌ను అతని సొంత జనం ముందే పదకొండో రౌండ్‌లో పడగొట్టి బెల్టు గెలిచాడు.

అమెచ్యూర్‌లో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. ప్రొఫెషనల్ టైటిల్ పోరు ఇప్పుడు పన్నెండు. మొదటిదానిలో వేగం గెలుస్తుంది. రెండోదానిలో ఎనిమిదో రౌండ్‌కు మిగిలిన ఊపిరి గెలుస్తుంది. ఆ ఊపిరి పెంచుకోవాలంటే వరుసగా పోటీలు కావాలి, వాటిని నడిపే ప్రమోటర్ కావాలి, పక్కన డాక్టర్ ఉండాలి. 2015లో విజేందర్ సింగ్ ప్రొఫెషనల్ అయినప్పుడు కూడా తొలి పోరాటాలు విదేశాల్లోనే ఆడాడు. మన జిల్లాల్లో ప్రతిభకు కొరత లేదని ఆ మైదానం చూస్తే తెలుస్తుంది. కొరతంతా ఆ రెండో దారికే.

"పదిహేను రౌండ్లా?" అని వాడు కళ్లు పెద్దవి చేశాడు. నెల్సన్, సాంచెజ్ పోరు వీడియో కోచ్ ఫోన్‌కు పంపాను. మొదటి రౌండ్ నుంచి చూస్తానని పట్టుబట్టాడు. నెల్సన్ గార్డ్ ఎట్లా పట్టాడో చూడమని కోచ్ చెప్పాడు.