బందరు: రైలు ఆగేచోటు, హజ్ నౌక కదిలినచోటు

విజయవాడలో కిక్కిరిసి బయలుదేరిన పాసింజరు బండి గుడివాడ దాటేసరికి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన... ఒక్కో స్టేషన్‌లో కొందరు దిగిపోతూ ఉంటారు. కిటికీకి ఇరువైపులా వరిచేలు, చేపల చెరువులు, కాలువ గట్లు. చిలకలపూడి కూడా దాటాక బండి వేగం తగ్గి, మెల్లగా ఒక ప్లాట్‌ఫారం పక్కకు చేరి ఆగుతుంది. ఇక ముందుకు కదలదు. 'ఇది ఏ స్టేషన్?' అని ఇక్కడ ఎవరూ అడగరు. నిద్రపోతున్నవారిని తోటి ప్రయాణికులే తట్టి లేపుతారు. పట్టాలు ఇక్కడితో సరి.

అదే మచిలీపట్నం రైల్వే స్టేషన్. టికెట్టు మీద పేరు మచిలీపట్నమే అయినా జిల్లా ప్రజల నోట అది ఎప్పుడూ బందరే. 'బందర్' అనేది పారసీక పదం. ఓడరేవు అని దాని అర్థం. విజయవాడ నడిబొడ్డున బందరు రోడ్డు మీద నిత్యం తిరిగేవారిలో ఎందరు ఈ పదం ఏ సముద్రాలు దాటి వచ్చిందో తలచుకుంటారు? ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉన్నది. అక్కడి నుంచి మన బందరుకు నౌకలు నడిచేవి. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే బందర్ అబ్బాస్‌లో ఎక్కి ఇక్కడ దిగింది గోల్కొండ సుల్తానుకు చెందిన పెద్ద ఓడ నుంచే.

కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం ఈ పట్టణమే. డచ్చివారు 1606 నాటికి, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తకశాలలు నెలకొల్పారు. అయితే మన ఇళ్లలో చెప్పుకోవలసిన సంగతి వేరొకటి ఉన్నది. పదహారో శతాబ్దం చివరి నుంచి బందరు నౌకలు ఎర్రసముద్రపు రేవులకు వెళ్లేవి. వాటిలో వస్త్రాల మూటలతో పాటు హజ్ యాత్రికులు కూడా ఉండేవారు. గోల్కొండ వైపు నుంచి ఎడ్లబండ్ల మీదా కాలినడకనా రోజుల తరబడి ప్రయాణించి వారు ఈ రేవుకు చేరేవారు. ఈశాన్యపు గాలి అనుకూలించినప్పుడు ఓడ లంగరెత్తేది. సింహళాన్ని చుట్టి, అరేబియా సముద్రం దాటి, పోర్చుగీసు గస్తీ ఓడల భయాన్ని దాటి వెళ్లవలసిన దారి అది. వారి అనుమతి పత్రం లేని ఓడకు రక్షణ ఉండేది కాదు. ఒడ్డున నిలబడి సాగనంపినవారికి మళ్లీ ఆ ముఖాలు చూస్తామన్న భరోసా ఉండేది కాదు.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1759లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న బందరు కోటను ఆంగ్లేయులు పట్టుకున్నారు. రేవులో మేట వేసిన ఒండ్రు పెద్ద ఓడలను దూరంగానే నిలిపివేసింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను ఉప్పెన పట్టణాన్ని ముంచెత్తింది. ఆ ఒక్క విపత్తులో ఈ ప్రాంతంలో మరణించినవారు సుమారు ముప్పైవేలమందని లెక్క. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఓడలు వెళ్లిపోయిన రేవుకు, మనుషులను పోగొట్టుకున్న పట్టణానికి, 1908లో ఒక కొత్త దారి తెరుచుకున్నది. బెజవాడ నుంచి సుమారు ఎనభై కిలోమీటర్ల మీటరు గేజి రైలుమార్గం బందరు చేరింది. ఇరవై ఏళ్ల తరువాత, 1928లో, గుడివాడ నుంచి భీమవరానికి మరో మార్గం పడింది. దానితో గుడివాడ కూడలి అయింది. బందరు మాత్రం కొన స్టేషన్‌గానే మిగిలింది. ఆపై మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. ఇటీవలి కాలంలో ఈ మార్గాన్ని జంటపట్టాలుగా మార్చి విద్యుదీకరించారు.

కొన స్టేషన్ పని తీరు మామూలు స్టేషన్ పని తీరు వంటిది కాదు. దారిలోని స్టేషన్‌లో బండి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు వెళ్లిపోతుంది. ఇక్కడ వచ్చిన దారినే వెనుదిరగాలి. ఇంజను బండి నుంచి విడిపోయి, పక్క పట్టాల మీదుగా వెనక్కి వెళ్లి, రెండో కొసన తగులుకుంటుంది. మెమూ బండ్లకు రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది కనుక ఆ శ్రమ లేదు. దూరప్రయాణపు పెట్టెలను ఊడ్చి, నీళ్లు నింపి, తిరుగు ప్రయాణానికి సిద్ధం చేయవలసిన పని కూడా బండి చివర ఆగే స్టేషన్లకే ఉంటుంది.

ఇక్కడి నుంచి విశాఖపట్నానికి, కర్ణాటకలోని యశ్వంతపూర్‌కు, బీదరుకు ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఉన్నాయి. బీదరు బండిని చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. బహమనీల రాజధానిగా వెలిగిన ఊరికీ, దక్కను సుల్తానుల రేవుగా వెలిగిన ఊరికీ మధ్య ఇవాళ ఒక రాత్రి ప్రయాణమే దూరం. ఆ బండి సికింద్రాబాదు మీదుగా వెళుతుంది. అంటే నాటి గోల్కొండ యాత్రికులు రోజుల తరబడి నడిచి వచ్చిన దూరాన్ని మనం ఒక నిద్రలో ముగిస్తున్నాం. కేంద్ర ప్రభుత్వపు అమృత్ భారత్ పథకంలో అభివృద్ధికి ఎంపికైన స్టేషన్లలో మచిలీపట్నం కూడా ఒకటి.

నీళ్లు, నీడ, కూర్చునే బల్ల, వృద్ధులకు చక్రాల కుర్చీ, అరవై ఏళ్లు దాటిన పురుషులకూ నలభై ఐదేళ్లు దాటిన స్త్రీలకూ రిజర్వేషన్‌లో కింది బెర్తు కోటా — ఇవన్నీ ప్రయాణికునికి అవసరమైన సౌకర్యాలే. అయితే కొన స్టేషన్ మాత్రమే ఇవ్వగల సౌకర్యం ఒకటి ఉన్నది. దానికి ప్రత్యేకంగా బోర్డు ఉండదు. అది సమయం.

దాని విలువ నాకు కొన్నేళ్ల క్రితం తెలిసింది. మా అమ్మీ హజ్‌కు బయలుదేరిన రాత్రి అది. అన్నయ్య తోడుగా వెళుతున్నాడు. హైదరాబాదు చేరి అక్కడి నుంచి విమానం ఎక్కాలి. హజ్‌కు వెళ్లేవారు అప్పులు తీర్చి, ఇరుగుపొరుగును కలిసి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు క్షమాపణ అడిగి బయలుదేరడం మన ఇళ్లలో ఆనవాయితీ. అమ్మీ వీధి వీధంతా తిరిగింది. పాలు పోసే ఆమె దగ్గర నుంచి రోజూ కూరగాయలు తెచ్చే తాత వరకు అందరినీ అడిగింది. ఒక్క ఇంటి గడప మాత్రం తొక్కలేదు. అది మా పెద్ద ఖాలాది. తాతగారి ఇంటి పంపకం దగ్గర మాట తేడా వచ్చి పదకొండేళ్లుగా అక్కాచెల్లెళ్ల మధ్య పలకరింపులు లేవు. "నేను మనసులో మాఫ్ చేసేశాను బేటా, అది చాలదా?" అన్నది అమ్మీ. చాలదని ఆమెకూ తెలుసు. అందుకే ఆ ప్రశ్న నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

బండి బయలుదేరడానికి చాలాముందే ప్లాట్‌ఫారం మీదకు వచ్చి నిలబడి ఉన్నది. సామాను సర్ది, అమ్మీని కింది బెర్తు మీద కిటికీ పక్కన కూర్చోబెట్టాము. సాగనంపడానికి వచ్చిన బంధువులు ఒక్కొక్కరే వచ్చి దుఆ చేయమని కోరుతున్నారు. పక్కింటి పిన్నిగారు బందరు లడ్డూల పొట్లం తెచ్చి ఒడిలో పెట్టారు. అమ్మీ అందరితో మాట్లాడుతూనే మాటిమాటికీ ప్లాట్‌ఫారం మొదటివైపు చూస్తున్నది.

ఇంకా పది నిమిషాలున్నాయనగా పెద్ద ఖాలా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో, మనవడి భుజం పట్టుకుని, పెట్టె పెట్టెకూ ఆగి లోపలికి తొంగి చూస్తూ నడుస్తున్నది. అమ్మీ ఆమెను కిటికీలో నుంచి చూసి లేచి, నా చెయ్యి అందుకోకుండానే మెట్లు దిగింది. "ఆపా, నన్ను మాఫ్ చేయి" అన్నది. ఖాలా ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి ఒక చిన్న అత్తరు సీసా తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. ఆ తరువాత "మన అమ్మకు కూడా అక్కడ దుఆ చేయి" అన్నది. ఇద్దరూ ఆ ఇనుప బల్ల మీద కూర్చుని, కూత వేసేవరకు, పదకొండేళ్ల మాటలను పది నిమిషాల్లో మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు. దూరంగా నిలబడ్డాము.

రెండు నిమిషాలు ఆగి వెళ్లిపోయే స్టేషన్ అయితే ఖాలా ఆ పెట్టె వెదుక్కునేలోపే బండి కదిలిపోయి ఉండేది. బందరు కొన స్టేషన్ కావడం వల్లనే ఆ మోకాళ్ల నడకకు వ్యవధి దొరికింది. తెగిన రక్తసంబంధాన్ని కలుపుకోవడానికి ధర్మం మనకు ఎంతో గడువు ఇస్తుంది. ఆ గడువును మనమే ఆఖరి పది నిమిషాల దాకా తీసుకువస్తాము.

అమ్మీ క్షేమంగా తిరిగి వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. తెల్లవారుజామున అదే స్టేషన్‌లో దిగినప్పుడు ఎదురువచ్చినవారిలో ముందు నిలబడ్డది ఖాలాయే. జమ్‌జమ్ నీటి తొలి గుక్క ఆమెకే దక్కింది.

ప్రయాణపు దిశ ఎలా తిరగబడిందో చూడండి. నాలుగు వందల ఏళ్ల క్రితం హజ్ కోసం గోల్కొండ నుంచి బందరుకు వచ్చేవారు. ఇవాళ బందరువారు హజ్ కోసం గోల్కొండ దిక్కుకు వెళుతున్నారు. 2023లో గన్నవరం విమానాశ్రయం నుంచి కూడా హజ్ విమానాలు ఎగరడంతో ఆ దారి మరింత దగ్గరైంది. అదే సంవత్సరం మేలో బందరులో కొత్త ఓడరేవు పనులకు శంకుస్థాపన జరిగింది. కృష్ణానదికి ఆవలి ఒడ్డున రేపల్లెలో కూడా రైలు బందరులో లాగే ఆగిపోతుంది. ఈ రెండు కొసలనూ కలపాలన్నది ఇక్కడివారి చిరకాల కోరిక. అది నెరవేరిననాడు మచిలీపట్నం కొన స్టేషన్ కాకుండా పోతుంది. పట్టణానికి అది మేలే. నాకూ సంతోషమే. కాని ఆనాడు బండ్లు ఇక్కడ ఎంతసేపు ఆగుతాయో ముందే తెలుసుకోవాలి.

మీరు ఎప్పుడైనా బందరు వెళితే రైలులోనే వెళ్లండి. దారిలో పెడనలో దిగి కలంకారీ అద్దకం చూడండి. కలం, కారీ — ఆ పేరు కూడా పారసీకం నుంచి వచ్చినదే. ఒకనాడు బందరు ఓడలకెక్కి ఇరాన్ చేరిన వస్త్రాలకు వారసత్వం ఆ చెక్క అచ్చుల్లో ఇంకా ఉన్నది. తిరుగు ప్రయాణంలో బండి వేళకు ముందే స్టేషన్‌కు చేరండి. మీవారు ఎవరైనా ఆలస్యంగా రావచ్చు.